నునుపు వైపు బయటికి

ఆ మంగళవారం పొద్దున మౌలాలీ మూడు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, తలుపు పక్క ఆఖరి రాయి నిలబెట్టించి, షెడ్డు మీద మిగిలిన ఆఖరి రేకు బిగించడం. రెండు, ముందు గోడకు సున్నం కొట్టించడం. మూడు, పది గంటలకల్లా కరెంటాఫీసుకు వెళ్ళి త్రీఫేజు మీటరు కోసం తొమ్మిదోసారి అర్జీ ఇవ్వడం. మొదటి రెండూ అవుతాయని అతనికి నమ్మకముంది. మూడోది అవుతుందని ఆ ఆఫీసు గోడ మీద బల్లికి కూడా నమ్మకం లేదు.

మౌలాలీ మోటార్ల వైండింగ్ మేస్త్రి. కాలిపోయిన నీటి మోటారు విప్పి, మాడిన రాగి తీగ పీకి, కొత్త తీగ చుట్టి, మళ్ళీ తిరిగేట్టు చేయడం అతని పని. ఏడో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచి ముప్ఫై ఎనిమిదేళ్ళుగా చుడుతూనే ఉన్నాడు. అందులో ఇరవై రెండేళ్ళు బస్టాండు పక్క అద్దె కొట్లో చుట్టాడు. ఉగాది వెళ్ళగానే కొట్టు యజమాని వచ్చి, సెల్‌ఫోన్ల కవర్లు అమ్మేవాళ్ళకు మాట ఇచ్చేశాను, ఖాళీ చెయ్యమన్నాడు. ఫోనుకు తొడిగే చొక్కాకున్న విలువ పొలానికి నీళ్ళు తోడే మోటారుకు లేదన్నమాట. మౌలాలీ ఆ మాట యజమానితో అనలేదు. ఇంటికొచ్చి భార్యతో నెల రోజులు అన్నాడు.

సాగర్ కుడి కాలువకు నీళ్ళు వదిలాక రెండు నెలలు ఊళ్ళల్లో మోటార్లు టపాటపా కాలిపోతాయి. ఆ రెండు నెలల పనే అతని ఏడాది తిండి. నీళ్ళు వదిలేలోపు ఇంటి పక్క ఖాళీలో షెడ్డు లేవాలి, దానికి త్రీఫేజు కరెంటు రావాలి. తీగ చుట్టడం చేత్తో అవుతుంది గానీ, చుట్టిన మోటారు తిరుగుతుందో లేదో చూడాలంటే త్రీఫేజు కావాలి. చూడకుండా ఇచ్చిన మోటారును రైతు తిరిగి తెచ్చేటప్పుడు ఒక్కడే రాడు.

చేతిలో ఉన్నది తక్కువ కాబట్టి షెడ్డు మొత్తం పాత సామానుతో లేచింది. తలుపు మూతబడిన సినిమా హాలుది. దాని మీద ఎర్ర రంగుతో ‘లేడీస్’ అని ఇంకా ఉంది. ఒక కిటికీ పాత బడిది, రెండోది ఎవరిదో చెప్పడానికి అమ్మినవాడు ఇష్టపడలేదు. పైరేకులు పత్తి మిల్లువి. ఎండ దిగకుండా రేకుల కింద గత ఎన్నికల ఫ్లెక్సీ ఒకటి బిగించాడు. డిపాజిట్టు పోయిన అభ్యర్థి అందులోంచి రెండు చేతులూ జోడించి కిందికి చూస్తూ నవ్వుతున్నాడు. గోడలకు పాత నాపరాళ్ళు నిలబెట్టారు. కొత్తవి మేకులు మాత్రమే. అవీ సగమే.

ఆ నాపరాళ్ళతో పాటు పాత సామాన్ల యార్డు నుంచి ఒక నల్లరాయి కలిసి వచ్చింది. నాలుగడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు. ఒకవైపు మొరటు, ఒకవైపు అద్దం. అద్దం వైపు ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. వాటి నిండా మట్టి గట్టిపడి ఉంది. మౌలాలీ చదవబోయి ‘గౌరవనీయులు’ అన్న మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. ఆ మాటతో మొదలైన రాతలను చదివి బాగుపడినవాణ్ణి అతను ఇంతవరకూ చూడలేదు.

“అక్షరాలు లోపలికి పెట్టరా అయాజూ,” అన్నాడు, రాయి తలుపు పక్క నిలబెడుతున్న తాపీ మేస్త్రితో.

“ఏంది మామా నువ్వనేది? నునుపు వైపు లోపలికి పెట్టిన మేస్త్రిని పల్నాడు మొత్తం మీద ఒక్కణ్ణి చూపియ్. గోడకు మొహం బయటికుంటదా, ఇంట్లోకుంటదా?”

“మరి ఆ రాత?”

“తెల్ల సిమెంటు తెప్పియ్. రాతలో కూరితే సచ్చినా కనపడదు.”

“తెల్ల సిమెంటెందుకురా, బకెట్టెడు సున్నం పెట్టుకుని? పిడుగురాళ్ళ సున్నం!”

“సున్నం వానకు ఆగదు మామా.”

“పల్నాట్లో వానెక్కడిదిరా!” అని మౌలాలీ బకెట్టులోని బ్రష్షు అందుకుని తనే సున్నం పూశాడు.

ఆ సాయంత్రం నాలుగున్నరకు పల్నాట్లో వాన కురిసింది.

తెల్లారి మౌలాలీ పళ్ళు తోముకుంటూ బయటికొచ్చేసరికి సినిమా తలుపు గొళ్ళానికి ఒక గేదె కట్టేసి ఉంది. దాని పక్కన ఎగువ వీధి ఆదిలక్ష్మమ్మ గొంతుక్కూర్చుని ఉంది.

“డాకటరు ఎన్నింటికొస్తాడయ్యా?” అంది.

“ఏ డాక్టరు?”

“పశువుల డాకటరు. నిన్నటి నించి మేత ముట్టలా ఇది. పొట్ట చూడు, డప్పు మాదిరి ఉంది.”

“అమ్మా, ఇది మోటార్ల షెడ్డు.”

“ఏమో నాయనా. రాయి మీద ఆసుపత్రని ఉందంట. శివరామయ్య చదివాడు.”

శివరామయ్య ఆ వీధి మొదట్లో ఉండే పెద్ద రైతు. పొలం కౌలుకిచ్చేసి, అర్జీలు రాయడమే వ్యవసాయంగా పెట్టుకున్నాడు. వానకు కడుక్కుపోయిన గోడ ముందు కళ్ళజోడు సర్దుకుంటూ నిలబడి, వచ్చిన ప్రతివాడికీ గట్టిగా చదివి వినిపిస్తున్నాడు. “గౌరవనీయులైన... ఇక్కడ పేరు పెచ్చు లేచింది... గారి అమృత హస్తములచే, రాళ్ళకుంటపాలెం గ్రామ పశువైద్యశాల నూతన భవనమునకు శంకుస్థాపన. ఒరేయ్ మౌలాలీ, ఇది మన ఊరి రాయేరా! ఆరేళ్ళ కింద డొంక పక్కన పాతారు. కొబ్బరికాయ కొట్టింది నేనే. తర్వాత రాయీ మాయమైంది, ఆసుపత్రీ రాలా. ఇప్పుడు రెండూ ఒక్కసారే వచ్చినయ్యి.”

“బాబాయ్, రాయి యార్డులో కొన్నా. షెడ్డు నాది.”

“స్థలం నీది. తెలుసు. ఊరికోసం స్థలమిచ్చి ఒక్క ముక్క పైకి చెప్పలేదేందిరా! ఇన్నాళ్ళూ నిన్ను పిసినారి అనుకున్నాం.”

మౌలాలీ చొక్కా జేబులోంచి టెస్టరు తీశాడు, మళ్ళీ జేబులో పెట్టాడు. మనసు నిలవనప్పుడు అతని చెయ్యి చేసే పని అదే. ఆ వారమంతా టెస్టరు జేబులో నిమిషం నిలవలేదు.

లోపల్నుంచి అతని భార్య జైనాబ్ బీ వచ్చి, మొగుణ్ణి పక్కకు నెట్టి గేదె పొట్ట మీద నాలుగు వేళ్ళతో తట్టి చూసింది. “గాలి పట్టింది దీనికి. ఏంది ఆదిలక్ష్మమ్మా, పచ్చి జొన్న మేపావా?” అని లోపలికెళ్ళి, వాము, ఇంగువ, బెల్లం దంచి కాచి, వెదురు గొట్టంతో దాని గొంతులో పోసింది. పన్నెండు దాటేసరికి గేదె పెద్ద శబ్దం చేసి, తేలికపడి, నెమరు మొదలుపెట్టింది. ఆ శబ్దం ఎంత దూరం వినపడిందో గానీ, మర్నాడు పొద్దునకు షెడ్డు ముందు ఏడు గేదెలు, రెండు మేకపోతులు, బుట్టలో ఒక కోడి ఉన్నాయి.

“నీ వల్లే!” అన్నాడు మౌలాలీ భార్యతో. “వైద్యం ఎవరు చెయ్యమన్నారు నిన్ను?”

“నోరులేని జీవం కళ్ళముందు చస్తంటే చూస్తా కూర్చోమంటావా? అయినా ముప్పయ్యేళ్ళ నించి నేను చెప్పింది ఈ ఇంట్లో ఎవరన్నా విన్నారా? వాళ్ళు వింటన్నారు,” అంది జైనాబ్ బీ, కోడి నోరు తెరిచి చూస్తూ.

మౌలాలీ గునపం తెచ్చాడు. రాయి పీకేస్తే పీడా పోతుందనుకున్నాడు. అయాజ్ పరుగెత్తుకొచ్చి గునపం పట్టుకున్నాడు. “మామా, తలుపు బరువంతా దాని మీదే ఉంది. రాయి తీస్తే గోడ నీ మీద పడతది.” గేదెలవాళ్ళు ఇంకోవైపు పట్టుకున్నారు. “గవర్నమెంటు రాయి పగలగొడితే కేసురోయ్!” సరే, ఇంకో పూత సున్నం వేద్దామని బకెట్టుతో వచ్చేసరికి, శివరామయ్య కిరసనాయిలు గుడ్డతో రాయి తుడిచి, తన సొంత ఖర్చుతో అక్షరాల్లో పసుపు రంగు నింపేశాడు. రాయి వీధి మొగ నుంచి కూడా చదవచ్చు.

సోమవారం శివరామయ్య కలెక్టరాఫీసులో అర్జీల రోజుకు వెళ్ళి ఒక కాగితం ఇచ్చి వచ్చాడు. మా ఊళ్ళో పశువుల ఆసుపత్రి భవనం తయారై ఉన్నది, డాక్టరు లేక ఒక గృహిణి వైద్యం చేయుచున్నది, తక్షణం డాక్టరును వేయగలరు అని. జతగా ఫోటో పెట్టాడు. ఫోటోలో రాయి, తలుపు, జైనాబ్ బీ, గేదె స్పష్టంగా ఉన్నాయి. వెనక గునపం పట్టుకున్న మౌలాలీ పనివాడిలా పడ్డాడు.

మంగళవారం మధ్యాహ్నం నాగార్జున అనే ఇంజనీరు బండి మీద వచ్చాడు. హెల్మెట్టు తియ్యకుండానే షెడ్డు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నాపరాయిని చేత్తో తడిమాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఉంది,” అన్నాడు.

“ఏముంది సార్?”

“బిల్డింగు! అన్నా, ఫైల్లో ఈ ఆసుపత్రి మూడేళ్ళ కిందే కట్టడం అయిపోయింది. బిల్లు కూడా అయిపోయింది. బిల్డింగు ఒక్కటే లేదు. నేను ఈ సీట్లోకొచ్చి నాలుగు నెల్లు. తిన్నోడు ఎక్కడున్నాడో తెలీదు, కక్కాల్సింది నేను. మీ పెద్దాయన అర్జీ చూసి, శుక్రవారం జిల్లా నించి మేడం తనిఖీకొస్తన్నారు. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, ఈ షెడ్డు ఆసుపత్రనుకోనియ్యి.”

“నాకేం పట్టింది సార్?”

“నీకేం కావాలో చెప్పన్నా.”

మౌలాలీ టెస్టరు తీశాడు. ఈసారి జేబులో పెట్టలేదు. “త్రీఫేజు,” అన్నాడు.

నాగార్జున అక్కడే నిలబడి ఫోను చేశాడు.

“అడగంగానే ఇస్తన్నాడంటే నాకు భయంగా ఉంది,” అంది జైనాబ్ బీ అతను వెళ్ళాక.

“తొమ్మిదిసార్లు అడిగినా ఇవ్వనప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?”

“అప్పుడు మనమడిగాం. ఇప్పుడు వాళ్ళడిగారు.”

మర్నాడు పొద్దున్నే లైన్‌మన్ నిచ్చెనతో సహా దిగాడు. ఇంటి ముందు స్తంభానికి పెట్టె బిగించి, పశువైద్యశాల పేరు మీద త్రీఫేజు మీటరు పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళాడు. మనిషికి లేని మర్యాద గేదెకు దొరికినందుకు మౌలాలీ నొచ్చుకోలేదు. అతనికి అది కొత్త కాదు. ఐదు హార్స్‌పవర్ మోటారు ఒకటి తెచ్చి కలిపి చూశాడు. గుయ్యిమని తిరిగింది. ఏప్రిల్ నుంచి కాలు ఒకచోట నిలవని మనిషి, ఆ మోటారు పక్కన కదలకుండా పావుగంట కూర్చున్నాడు.

శుక్రవారం వచ్చింది. మేడం పేరు ఝాన్సీలక్ష్మి. జీపు దిగుతూనే కళ్ళజోడు మార్చుకుంది. శివరామయ్య ఊళ్ళో ఉన్న పశువులన్నిటినీ వరుసలో నిలబెట్టించాడు; జబ్బులేని ఎడ్లు కూడా వచ్చి మర్యాదగా నిలబడ్డాయి. నాగార్జున మౌలాలీకి ఒక తెల్ల కోటు తొడిగి, నువ్వు అటెండరువి, నోరు తెరవకు అన్నాడు.

“ఈ తలుపు మీద లేడీస్ అని ఉందేమిటి?” అంది మేడం.

“ఆడ పశువులకు మేడం,” అన్నాడు నాగార్జున.

“మరి ఎద్దులకు?”

“రెండో విడతలో మేడం.”

మేడం లోపలికి నడిచింది. చేత్తో తిప్పి తీగ చుట్టే మిషను చూపించి, “ఇదేమిటి?” అంది.

“స్కానింగు మేడం.”

“ఆ రాగి తీగ?”

“కుట్లు వెయ్యడానికి.”

“రాగితోనా?”

“పెద్ద పశువులు కదా మేడం.”

మేడం పైకి చూసింది. అభ్యర్థి కిందికి చూశాడు. “ఈయనెవరు?”

“దాత మేడం.”

ఇదంతా మేడం ఒక్క మాట వదలకుండా పుస్తకంలో రాసుకుంది. తర్వాత గోడ దగ్గరకు వెళ్ళి ఒక నాపరాయిని అరచేత్తో నెట్టింది. రాయి ఊగి, మళ్ళీ మొహమాటంగా నిలబడింది. ఆమె ముఖం ఎర్రబడింది.

“మూడేళ్ళ కింద కొత్తగా కట్టిన భవనమా ఇది? పాత రాళ్ళు, పాత రేకులు, ఒక కిటికీకి ఇంకో కిటికీకి పొంతన లేదు. ప్రజల డబ్బుతో కట్టే పద్ధతేనా? మూగజీవాల మీద కూలితే ఎవరిది పూచీ? ఇది శిథిలావస్థలో ఉంది. సోమవారంలోపు కూలగొట్టించండి.”

మౌలాలీకి నోరు తెరవకూడదన్న సంగతి గుర్తురాలేదు. “మేడం! ఇది నా షెడ్డు! నా చేతుల్తో నేను కట్టుకున్నా!”

మేడం కళ్ళజోడు మళ్ళీ మార్చింది. “నీదా? నీదైతే ప్రభుత్వ శిలాఫలకం నీ గోడలో ఎందుకుంది? ఆసుపత్రి మీటరు నీ స్తంభానికెందుకుంది? నువ్వు కోటెందుకు వేసుకున్నావు?”

అక్కడున్న ఎద్దులు కూడా అతనివైపే చూస్తున్నట్టు అనిపించింది. నాగార్జున అతని చెవి దగ్గరకు వంగాడు. “అన్నా, నీదంటే కేసు. గవర్నమెంటుదంటే కూల్చివేత. ఏదో ఒకటి తొందరగా చెప్పు, మేడం రాసుకుంటన్నారు.”

మౌలాలీ టెస్టరు కోసం జేబు తడుముకున్నాడు. తెల్ల కోటుకు జేబు లేదు.

“గవర్నమెంటుదే మేడం,” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ప్రభుత్వానికి మనస్ఫూర్తిగా ఏదైనా ఇచ్చింది అదే.

సోమవారం పొక్లెయిన్ వచ్చింది. మూడు నెలలు లేచిన షెడ్డు టీ చల్లారేలోపు పడుకుంది. అయాజ్ నాపరాళ్ళ మధ్య నిలబడి, నునుపు వైపులన్నీ పైకే పడ్డాయి చూడు మామా అని తన పనితనం చూసుకుని మురిశాడు. శివరామయ్య వచ్చి భుజం తట్టాడు. “దిగులు పడమాకరా. పాతది తీసేశారంటే కొత్తది ఇస్తన్నట్టే. ఇంకో అర్జీ పెడతా.”

“బాబాయ్, నీకు దణ్ణం పెడతా, ఇంక రాయమాక.”

“ఊరుకోరా, రాయకపోతే వాళ్ళకెట్టా తెలుస్తది?”

ఆ సాయంత్రమే కాలువకు నీళ్ళు వదిలారని ఊళ్ళో అందరి ఫోన్లూ మోగాయి. మంగళవారానికి మౌలాలీ గుమ్మంలో కాలిన మోటార్లు నాలుగు వచ్చి కూర్చున్నాయి. అతను మోటార్ల దగ్గర్నుంచి రాళ్ళ కుప్ప దగ్గరికి, రాళ్ళ కుప్ప దగ్గర్నుంచి మీటరు దగ్గరికి తిరుగుతూనే ఉన్నాడు. మీటరు స్తంభానికి అలాగే ఉంది. భవనం కూల్చమని కాగితం వచ్చింది గానీ మీటరు పీకమని రాలేదు.

బుధవారం నాగార్జున వచ్చి, శిథిలాలకు బహిరంగ వేలం అని చాటించాడు. పాత బడి కిటికీ, సొట్టలు పడ్డ రేకులు, ‘లేడీస్’ తలుపు కొనడానికి ఊళ్ళో ఎవరికీ పిచ్చి పట్టలేదు. పాడినవాడు మౌలాలీ ఒక్కడే. తన రాళ్ళు, తన రేకులు, తన సగం కొత్త మేకులు తనే పాడుకున్నాడు. యార్డువాడి దగ్గర పెట్టినదాంట్లో సగానికి వచ్చాయి. పైగా ముద్ర వేసిన రసీదు ఇచ్చారు. యార్డువాడు ఎన్నడూ రసీదు ఇవ్వలేదు.

“చూశావా,” అన్నాడు భార్యతో, ఉగాది తర్వాత మొదటిసారి కొంచెం నవ్వుతూ. “ఇప్పుడివి అచ్చంగా మనవి. కాగితం ఉంది.”

“మొన్నటిదాకా ఎవరివంట?” అంది జైనాబ్ బీ.

నల్లరాయి మాత్రం వేలంలో లేదు. నాగార్జున దాన్ని గోనెపట్టాలో చుట్టి, ఇది రికార్డు అని చెప్పి తీసుకుపోయాడు.

మరో పది రోజులకు నాపరాళ్ళు మళ్ళీ నిలబడ్డాయి. తలుపు పక్క రెండడుగుల సందు మాత్రం మిగిలిపోయింది. అక్కడ గోనెపట్టా కట్టి మౌలాలీ మోటార్లు చుట్టడం మొదలుపెట్టాడు. అప్పటికి పదహారు మోటార్లున్నాయి. గేదెలు కూడా వస్తూనే ఉన్నాయి. వాటిని జైనాబ్ బీ ఇంటి వెనక చూస్తోంది.

ఆ గురువారం వీధిలో డప్పులు వినిపించాయి. మౌలాలీ ఇంటికి ఎదురుగా రోడ్డు వారన షామియానా వేశారు. మేడం రాసిన రిపోర్టు మీద రాళ్ళకుంటపాలేనికి కొత్త పశువైద్యశాల మంజూరైందట. పెద్దలు వచ్చారు, దండలు వేసుకున్నారు, శివరామయ్య మళ్ళీ కొబ్బరికాయ కొట్టాడు, తెర లాగారు, చప్పట్లు కొట్టారు, ఫోటోలు దిగారు. పన్నెండుకల్లా షామియానా విప్పుకుని వెళ్ళిపోయారు. రోడ్డు వారన మెరిసే నల్లరాయి ఒక్కటే మిగిలింది.

జైనాబ్ బీ గుమ్మంలోంచి చూసింది. “ఆసుపత్రి కడతారంటావా?”

“రాయి పడిందిగా. ఇంక పదేళ్ళు ఇటు ఎవరూ రారు,” అని మౌలాలీ రోడ్డు దాటి వెళ్ళాడు. టేపు తీసి కొలిచాడు. నాలుగడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు. ఆ కొలత ఎక్కడో విన్నట్టనిపించి, వంగి రాయి వెనక చూశాడు. వెనక పసుపు రంగు అక్షరాలున్నాయి. వాటి సందుల్లో అతను స్వయంగా పూసిన పిడుగురాళ్ళ సున్నం ఉంది. పాత రాయినే తిప్పి, మొరటు వైపు నునుపు చేయించి, కొత్తగా చెక్కించారు. తక్కువలో పని కానివ్వడం అతనొక్కడికే తెలుసనుకున్నాడు ఇన్నాళ్ళూ.

“ఏమయ్యా, మళ్ళీ ఆ రాయి మీద కన్నేశావా?” అరిచింది జైనాబ్ బీ. “ఇప్పుడు రెండువైపులా రాతే ఉంది. ఏ వైపు లోపలికి పెడతావంట?”

మౌలాలీ టేపు జేబులో పెట్టుకుని, అయాజ్‌కు ఫోన్ చేసి, వచ్చేటప్పుడు రెండు కిలోల తెల్ల సిమెంటు తెమ్మన్నాడు.